గరిక ఊపిరి బిగబట్టిన శ్రావణం

ఏరు తూర్పుకి తిరిగే మలుపు దగ్గర, పళ్ళెంలా కొంచెం లోతుగా ఒక బీడు ఉండేది. దాన్నిండా గరిక. అలాంటిలాంటి గరిక కాదు. పసిపిల్ల నెత్తిమీద మొదటిసారి మొలిచిన జుట్టులా మెత్తగా, దగ్గరగా, ఎక్కడా నేల కనబడకుండా అల్లుకుపోయిన గరిక. పొద్దున్నే మంచు పడి ఉన్నప్పుడు చూస్తే, ఎవరో ఆరేసుకున్న పచ్చచీర నిద్దట్లో కదులుతున్నట్టు ఉండేది. మబ్బు దాని మీదుగా పోతుంటే, పోయేది మబ్బో బీడో తెలిసేది కాదు.

ఆ బీడుకి పెద్ద మైలయ్య. మైలయ్య ఎద్దు. పడుచుతనమంతా కాడి కింద వరిమడులు దున్ని, ముసలితనంలో ఏటి ఒడ్డుకి వచ్చి చేరినవాడు. ఒక కొమ్ము సగం విరిగింది. మిగిలిన కొమ్ముని మాత్రం సొంత ఇంటి దూలంలా చూసుకునేవాడు. మాట తక్కువ, పట్టింపు ఎక్కువ. తనని ఎవరైనా ఒక మాట అన్నారంటే అది ఏ కార్తెలో అన్నారో, అప్పుడు గాలి ఎటునుంచి వీస్తోందో కూడా గుర్తుపెట్టుకునేవాడు.

ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. వాన వెలిశాక ఎవరూ తిన్నగా బీడులోకి దిగకూడదు. ముందు మైలయ్య దిగుతాడు. కుడి ముందుకాలి గిట్టని నేలకి అదిమి, తీసి, ఆ అచ్చులోకి వంగి చూస్తాడు. అచ్చులో నీళ్ళు ఊరితే ఆ రోజుకి మేత మెట్ట మీదే. ఊరకపోతే అందరూ దిగొచ్చు. బీడుకి దక్షిణాన, వాననీళ్ళు ఏట్లోకి జారిపోయే చిన్న బోదె ఒకటుంది. ఆ బోదెలో ఎండుటాకు అడ్డం పడ్డా మైలయ్య మూతితో తీసి అవతల పారేసేవాడు.

"ఇదేం చాదస్తం తాతా, గడ్డి తడిస్తే ఏమైపోతుంది?" అని గొర్రె చుక్కమ్మ ఒకసారి అడిగింది.

"గడ్డి తడిస్తే ఏం కాదు. మన్ను నిండితే అవుతుంది," అన్నాడు మైలయ్య.

అంతకన్నా విడమరిచి చెప్పడం ఆయనకి చేతకాదు. ఆయనకి తెలిసిందంతా గిట్టలో ఉంది, నోట్లో లేదు.

ఆ ఏడు శ్రావణంలో వాన పట్టింది. పెద్దవాన కాదు, మెత్తటి వాన. రోజంతా ఎవరో చెవిలో ఏదో చెబుతున్నట్టు కురిసే వాన. ఏటి అవతల ముళ్ళగుట్ట ఒక ఘడియ కనిపించేది, ఒక ఘడియ మాయమయ్యేది. ఆ గుట్ట మీద గుంటనక్క బూరయ్య తన చుట్టాలతో ఉండేవాడు. తోక గుబురుగా ఉంటుందని వాడికా పేరు. వాడికి ఎండ్రకాయలంటే ప్రాణం. ఏట్లో కావలసినన్ని ఉన్నాయి గానీ, ఏరు ఉరవడిగా పోతుంటే ఒక్కటీ చిక్కదు. నీళ్ళు కదలకుండా నిలిచే చోటుంటే అవే వచ్చి చేరతాయి, బుట్టలో చెయ్యి పెట్టి తీసుకున్నట్టు తీసుకోవచ్చు.

బూరయ్య గుట్ట మీంచి బీడు వంక చూశాడు. పళ్ళెంలా ఉంది. పళ్ళానికి ఒకే కన్నం, ఆ బోదె. అది మూస్తే ముందు ఎండ్రకాయలు. తర్వాతి సంగతి తర్వాత. ఆ తర్వాతి సంగతేమిటో వాడు పైకి అనలేదు గానీ, చుక్కమ్మ పక్కన గంతులేస్తున్న నెల్లాళ్ళ పిల్లని చూసి మాత్రం రెండుసార్లు మూతి నాక్కున్నాడు.

మర్నాడు ఎగువన బండల మీదుగా ఏరు దాటి, బీడు అంచుకి వచ్చి కూర్చున్నాడు. గేదె కాటమ్మ అక్కడే మెట్ట మీద నిలబడి నిద్రపోతోంది.

"ఏం కాటమ్మక్కా, వంటికి నీళ్ళు తగిలి ఎన్నాళ్ళయింది?"

కాటమ్మ ఒక కన్ను తెరిచింది. "ఏరు చూశావుగా తమ్ముడూ. దిగితే సముద్రంలో తేలతాను."

"గుమ్మంలోనే మడుగు ఉంటే?"

కాటమ్మ రెండో కన్ను కూడా తెరిచింది.

"నాకేం వస్తుంది చెప్పు," అన్నాడు బూరయ్య అందరికీ వినబడేలా. "నేను గడ్డి తింటానా? మీ మంచికి చెబుతున్నా. ఇంత వాన దేవుడిస్తే, బోదె పెట్టి ఏట్లో పారబోస్తున్నారు. ఎండాకాలం వచ్చాక గడ్డి లేదని ఏడుస్తారు. ఆ మూతి కాస్త మన్నుతో మూసేస్తే, ఏడాది పొడుగునా పచ్చగా ఉండదూ?"

"ఉండదు," అన్నాడు మైలయ్య.

"ఎందుకుండదు మావా?"

"గరిక చస్తుంది."

"నీళ్ళుండి చస్తుందా," బూరయ్య మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "విన్నారా. సరే మావా, ఒక్క మాట. పడుచుతనంలో నువ్వు ఏం దున్నావు?"

"వరిమడి."

"మడిలో ఏముండేవి?"

మైలయ్య కాసేపు నెమరేశాడు. "నీళ్ళు."

"ఎంత లోతు?"

"మోకాలి దాకా."

"మరి వరి చచ్చిందా?"

చుక్కమ్మ మైలయ్య మొహంలోకి చూసింది. అందరూ చూశారు. వాళ్ళంతా వరిచేల గట్ల మీద పుట్టి పెరిగినవాళ్ళే. నీళ్ళలో నిలబడి నవ్వుతున్న పైరే వాళ్ళ కళ్ళకి తెలుసు.

"వరి సంగతి వేరే," అన్నాడు మైలయ్య. "దాని ఒళ్ళంతా గొట్టం. పైన పీల్చిన గాలి అడుక్కి దిగుతుంది. గరికకి అంత గొట్టం లేదు. మన్నులో ఉన్న గాలే దానికి గాలి."

"గొట్టమా. లోపల దూరి చూశావా మావా?"

కాటమ్మ నవ్వింది. ఆమెకి నవ్వడమంటే పెద్ద పని, ఒళ్ళంతా కదులుతుంది. ఆ కదలిక చూసి మిగతావాళ్ళూ నవ్వారు. చుక్కమ్మ నవ్వలేదు గానీ, నవ్వొద్దని కూడా అనలేదు.

ఆశ్లేష కార్తె రెండో రోజు. పడమటి గాలి. మైలయ్య గుర్తుపెట్టుకున్నాడు.

"సరే," అన్నాడు. "మీరంతా కూడి నోరారా పిలిచేదాకా నేను ఈ బీడులో గిట్ట పెట్టను. మీరు కట్టే గట్టు మీదా పెట్టను."

అని, వెనక్కి చూడకుండా మెట్ట మీద తుమ్మచెట్టు కిందికి పోయి నిలబడ్డాడు.

గట్టు కట్టడానికి ఒక పూటే పట్టింది. కాటమ్మ రొమ్ముతో మన్ను నెట్టింది. గొర్రెలు ఎక్కి తొక్కాయి. బూరయ్య తోకకి బురద అంటకుండా పక్కన నిలబడి, ఇటు కొంచెం, అటు కొంచెం అని చెప్పాడు. సాయంత్రానికి బోదె మూతపడింది. వాన మాత్రం తన మానాన తను కురుస్తూనే ఉంది.

తెల్లారేసరికి బీడు లేదు. బీడున్న చోట ఆకాశం ఉంది.

నిజంగానే అలా ఉంది. మబ్బులన్నీ నేలమీదికి దిగి పడుకున్నాయి. గరిక కొసలు వాటిలోంచి సన్నగా పైకి వచ్చి, మబ్బుకి మొలిచిన నూగులా ఊగుతున్నాయి. కాటమ్మ నడిమధ్యలో మునిగి, ముక్కూ కొమ్ములూ మాత్రం పైకి పెట్టుకుని పడుకుంది. ఆమె ఊపిరి వదిలినప్పుడల్లా ఒక అల బయల్దేరి, మబ్బుల్ని మడతలు పెట్టుకుంటూ ఒడ్డుదాకా వచ్చేది. తూనీగలు నీళ్ళ మీద నిలబడి ఏమీ చెయ్యకుండా ఉండేవి. అటు చూస్తే ఎవరికైనా కళ్ళు వాలిపోయేవి. మైలయ్యకి కూడా బాగుందనిపించింది. అది ఆయనకి మరింత కోపం తెప్పించింది.

మూడు రోజులు గరిక ఇంతకుముందు లేనంత నిగనిగలాడింది. చుక్కమ్మ పొట్టదాకా నీళ్ళలో నిలబడి మేసి వచ్చేది.

"చూశావా మావా," అని బూరయ్య కింద నుంచి కేకేశాడు. వాడి మూతి నిండా ఎండ్రకాయ డొప్పల ముక్కలు. "ఇంకా చావలేదు మరి."

మైలయ్య మెట్ట మీద బిరుసుగడ్డి నాలిక్కి గరగరా తగులుతుంటే నములుతూ నిలబడ్డాడు.

ఆరో రోజున మబ్బు విచ్చి ఎండ కాసింది. నిలవనీళ్ళు గోరువెచ్చగా అయ్యాయి. గరిక కొసలు పసుపు తిరిగాయి.

"ఇదేంటి బూరయ్యా, రంగు మారింది," అంది చుక్కమ్మ.

"పండుతోంది. వరి కోతకి ముందు బంగారం రంగు తిరగదూ?"

"గరిక పండడం నేనెప్పుడూ చూడలేదే."

"ఎలా చూస్తావు? ఆ ముసలాయన నీళ్ళు పెట్టనిచ్చాడా?"

ఆ మాట కాటమ్మకి సబబుగా తోచింది. ఆమె ఇంకో పక్కకి దొర్లింది.

ఎనిమిదో రోజున నీళ్ళ మీద ఆకుపచ్చ పాకుడు తేలింది. తొమ్మిదో రోజున మురిగిన గుడ్డు వాసన వచ్చింది. పదో రోజున చుక్కమ్మ ఒక పరక కొరికి లాగితే, పరకకి బదులు గుప్పెడు దుబ్బు దుబ్బే చాపలా లేచి వచ్చింది. కింద వేళ్ళు బెత్తెడు ఉండాల్సినవి గోరంత ఉన్నాయి. తెల్లగా ఉండాల్సినవి నల్లగా ఉన్నాయి. ఆమె నోట్లోది ఊసేసి, పిల్లని ముందుకి నెట్టుకుంటూ ఒడ్డెక్కింది.

ఆ మధ్యాహ్నం మైలయ్య గిట్టల దగ్గర ఏదో చల్లగా కదిలింది. వంగి చూస్తే వానపాము సన్నమ్మ. బీడు మన్నులో ఎన్నేళ్ళుగా ఉంటోందో ఆమెకే తెలీదు. వెనకాల ఆమె కూతుళ్ళూ, మనవలూ ఏటవాలు నేల మీద సన్నటి తాళ్ళలా పాక్కుంటూ వస్తున్నారు.

"కాస్త చోటిస్తావా మైలయ్యా."

"నీకు తడంటే ఇష్టం కదే."

"తడి ఇష్టం. మునగడం ఇష్టమని ఎప్పుడన్నాను? కింద మా దారులు ఉన్నాయి. ఆ దారుల్లో గాలుండేది. ఇప్పుడు నీళ్ళున్నాయి. కాటమ్మ పొర్లిన చోటైతే దారే లేదు, అలికిన అరుగులా బిగిసిపోయింది." ఆమె తుమ్మచెట్టు నీడలో చుట్ట చుట్టుకుంది. "అక్కడ చీకట్లో గరిక ఏం చేస్తోందో నీకు తెలుసా?"

"తెలీదు."

"తెలుసుకోవాలని ఉందా?"

మైలయ్య బీడు వైపు తల తిప్పాడు. సన్నమ్మ అప్పటికే నిద్రపోయింది.

సన్నటి చినుకులు మొదలయ్యాయి. మైలయ్య నెమరేస్తూ నెమరేస్తూ కళ్ళు మూశాడు. మెలకువో, కలో, ఆయన తర్వాత ఎంత ఆలోచించినా తేల్చుకోలేదు. గిట్టల్లోంచి ఏదో సన్నటి సవ్వడి పైకి పాకింది. వేలమంది ఒకేసారి మెల్లిగా గుసగుసలాడితే ఎలా ఉంటుందో అలా.

"మైలయ్య తాతా."

"ఎవరు?"

"నీ గిట్ట కింద ఇన్నేళ్ళు పడుకున్నవాళ్ళం."

ఆయనకి నీళ్ళ అడుగు కనిపించింది. అక్కడ వెలుతురు పాకుడు రంగులో ఉంది. నల్లబడిన వేళ్ళు కిందికి వేలాడుతున్నాయి. కానీ ప్రతి తీగ మీదా, ప్రతి కణుపు దగ్గరా, కొత్తగా ఒక తెల్లటి వేరు పుట్టింది. అది మన్నులోకి పోవడం లేదు. పైకి, నీళ్ళ అంచు వైపుకి చెయ్యి చాచి తడుముకుంటోంది.

"కింద గాలి లేదు. అందుకని పైన వెతుక్కుంటున్నాం," అంది గరిక. "ఊపిరి బిగబట్టుకున్నాం. కణుపుల్లో దాచుకున్న పిండి అంతా తినేస్తున్నాం. చల్లగా పారే నీళ్ళయితే ఇంకా ఓర్చుకునేవాళ్ళం. ఇవి వెచ్చబడ్డాయి. ఇంకో రెండు రోజులు, మూడు రోజులు. తర్వాత కణుపులు కూడా మెత్తబడతాయి."

"నేను మాటన్నాను," అన్నాడు మైలయ్య. "గిట్ట పెట్టనని. వాళ్ళు పిలవాలి."

"మాటలు మాకు తెలీవు. గాలి తెలుసు."

ఆ తర్వాత సవ్వడి తగ్గింది. మైలయ్య కళ్ళు తెరిస్తే ఎదురుగా చుక్కమ్మ ఉంది. ఆమె ఒంటరిగా రాలేదు. పిల్ల ఆమె పొదుగు కింద మూతి పెట్టి పొడుస్తోంది, వదిలేస్తోంది, మళ్ళీ పొడుస్తోంది.

"పాలు లేవు తాతా," అంది చుక్కమ్మ.

మైలయ్య పిల్లని చూశాడు. పది రోజుల కిందటి గంతులు లేవు. కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి పోతున్నాయి.

"మరి అందరూ ఎక్కడ?"

"ఎవరు?"

"అడగడానికి వచ్చావు కదా. నేనన్నది అందరూ కూడి రావాలని."

చుక్కమ్మ తల వంచుకుంది. "కాటమ్మక్క రానంది. పండుతోందని ఇంకా అనుకుంటోంది. నేను అడగడానికి రాలేదు తాతా, చెప్పి పోదామని వచ్చాను. బూరయ్య వాళ్ళ ముళ్ళగుట్ట వెనకాల పచ్చిక ఉందట. పొద్దున్నే బండల మీదుగా దాటిస్తానన్నాడు. పిల్లనీ, నన్నూ."

మైలయ్య నెమరు ఆగిపోయింది.

"నక్క వెనకాల ముళ్ళగుట్టకి పోతావా? నీకు మతి పోయిందా?"

"పోయింది," అంది చుక్కమ్మ. ఆమె గొంతులో కోపం కూడా లేదు, నీరసం తప్ప. "వాడు దారి చూపిస్తానన్నాడు. నువ్వు పంతం చూపించావు. పిల్ల ఏడుస్తుంటే నేను ఎవరి వెనక పోవాలి, నువ్వే చెప్పు."

ఆమె దిగిపోయింది. పిల్ల నాలుగడుగులకొకసారి కూలబడి లేస్తూ వెంట పోయింది.

మైలయ్య గట్టు వైపు చూశాడు. పిలవకుండా దిగి ఆ గట్టుని ఒక్క కొమ్ముపోటుతో తెంపేస్తే? పది మందిలో అన్న మాట పోతుంది. దిగకపోతే పిల్ల పోతుంది. తన గిట్టలకేసి చూసుకున్నాడు. గిట్ట పెట్టనని అన్నాడు. నోరు విప్పనని అనలేదు.

పొద్దు వాలుతుండగా బూరయ్యే వచ్చాడు. వాడి మొహం చిన్నబోయి ఉంది. పొద్దున్నుంచి మడుగంతా గాలించాడు, ఒక్క ఎండ్రకాయా దొరకలేదు.

"ఏం మావా, బాగున్నావా?"

"ఊఁ."

"నిన్నటిదాకా ఎండ్రకాయలుండేవి. ఇవాళ ఒక్కటీ లేదు. నీకు పైనుంచి అన్నీ కనిపిస్తాయి కదా."

"కనిపిస్తాయి."

"ఎటు పోయాయో చూశావా?"

"చూశాను."

బూరయ్య ఎదురు చూశాడు. మైలయ్య నెమరేశాడు. ఒక కొంగ బీడు మీదుగా పోయింది, దాని నీడ నీళ్ళలో ఇంకో కొంగలా దాని కిందే ఈదుకుంటూ పోయింది.

"చెప్పవూ?"

"నేనేమన్నా నీ పాలేరునా?"

"అయ్యో, అదేం మాట. ఈ బీడుకి పెద్దవాడివి నువ్వు."

"ఆ మాట ఆ రోజు అనలేదే."

"ఇప్పుడంటున్నాగా. పెద్దవాడివి, అన్నీ తెలిసినవాడివి, నీకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికి తెలుసు."

"ఇంకొకసారి అను."

బూరయ్య ఇంకొకసారి అన్నాడు. అంటూ లోపల నవ్వుకున్నాడు కూడా.

"కుళ్ళిన నీళ్ళలో ఎవరుంటారు," అన్నాడు మైలయ్య తీరిగ్గా. "వాటికీ ఊపిరాడాలి. అన్నీ పోయి గట్టులో దూరాయి. గట్టు అవతల ఏటి గాలి తగులుతుంది, మంచినీటి చెమ్మ తగులుతుంది. ఒక్కోటి మూరెడు లోతుకి తవ్వుకుని కూర్చుంది. చిన్నవి పైన. గుడ్లున్నవి, పెద్దవి, అడుగున. నడిమధ్య."

బూరయ్యకి నోరూరింది. కానీ వాడు నక్క. "నిజమేనా?"

"నేను అబద్ధం చెప్పిన రోజు ఒకటి చెప్పు."

బూరయ్య వెతుక్కున్నాడు. దొరకలేదు. "మరి నాకెందుకు చెబుతున్నావు మావా? నామీద కోపం ఉండాలే."

"ఉంది. పోదు కూడా," అన్నాడు మైలయ్య. తర్వాత గొంతు కాస్త తగ్గించి, "ఈ పది రోజుల్లో నా దగ్గరికొచ్చి, నీకేం తెలుసు అని అడిగినవాడివి నువ్వొక్కడివే," అన్నాడు.

ఆ ఒక్క మాటతో బూరయ్య అనుమానం తీరిపోయింది. ముసలాడికి మర్యాద ఆకలి, కాసింత పారేస్తే ఏమైనా చెబుతాడు అనుకున్నాడు. ఎండ్రకాయలు గట్టులో ఉన్నాయా లేవా అన్నదే వాడడిగాడు. ఎండ్రకాయలు తొలిచిన గట్టుని తవ్వితే ఏమవుతుందని అడగలేదు. అడిగి ఉంటే మైలయ్య చెప్పేవాడే.

బూరయ్య గట్టు కిందికి, బోదె వైపుకి దిగాడు. మైలయ్య చెప్పినట్టే మూరమూరకీ ఒక కన్నం ఉంది. తోక పైకెత్తి పెట్టుకుని, రెండు ముందుకాళ్ళతో నడిమధ్య తవ్వడం మొదలుపెట్టాడు. చిన్నది ఒకటి దొరికింది. నమిలేసి ఇంకా తవ్వాడు. ఇంకొకటి. ఇంకా లోపలికి, భుజాలదాకా. పెద్దది ఒకటి వాడి మూతికి అందీ అందకుండా వెనక్కి జరిగింది. వాడూ లోపలికి జరిగాడు.

ముందు దారప్పోగంత నీళ్ళు వచ్చాయి. వాడి చెవి మీంచి కారితే, చినుకనుకున్నాడు. తర్వాత పోగు తాడయింది. తర్వాత గట్టు ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, మెత్తగా, పెద్ద చప్పుడు కూడా లేకుండా, విడిపోయింది.

పది రోజుల వాన బోదెలోకి దూకింది. మన్నూ, పాకుడూ, ఎండ్రకాయలూ, బూరయ్యా అందరూ కలిసి ఏట్లోకి పోయారు. ఎండ్రకాయల కోసం అంత తంటాలుపడ్డవాడికి అవి దొరక్కపోలేదు. మూడు వాడి తోక పట్టుకునే ఉన్నాయి. అవతలి ఒడ్డున ఎక్కడో, చాలా దిగువన, వాడు అరుచుకుంటూ గట్టెక్కడం వినబడింది.

బీడు మీంచి ఆకాశం నెమ్మదిగా దిగిపోయింది. మబ్బులు ఒక్కొక్కటీ బోదెలోకి జారిపోయాయి. సందెవెలుగులో గరిక తడిసి, నేలకి అంటుకుని, వాడిన పసుపు రంగులో బయటపడింది. అక్కడక్కడ మన్నులోంచి చిన్న చిన్న బుడగలు లేచి పగిలాయి. నేల నిట్టూరుస్తున్నట్టు మెల్లిగా సవ్వడి. మైలయ్య చెవులు రిక్కించి అది చివరిదాకా విన్నాడు. మధ్యలో కాటమ్మ, కింద నీళ్ళు లేని సంగతి తెలియక, ఇంకాసేపు పడుకునే ఉంది.

తెల్లవారగానే ఆకలితో ఉన్నవాళ్ళంతా బీడుకి పరిగెత్తారు. దిగే బాట ఒకటే, అది మెట్ట అంచునుంచి. ఆ బాటకి అడ్డంగా, బీడు మొదలయ్యే గీతకి ఒక్క గిట్ట ఇవతల, మైలయ్య ఉన్న ఒక్క కొమ్మూ దించి నిలబడి ఉన్నాడు.

"నీళ్ళు పోయాయిగా, ఇంకా అడ్డమేంటి?" అంది కాటమ్మ. ఆమె ఒంటిమీద బురద ఎండి పెళ్ళలు కడుతోంది.

"పైన పోయాయి. మన్నులో పోలేదు. ఇప్పుడు తొక్కితే మన్ను బిగుస్తుంది. కొత్తగా పుట్టిన వేళ్ళకి దారి ఉండదు."

"ఎన్నాళ్ళు?"

"దానికి ఊపిరి తిరిగేదాకా."

"అంతదాకా మేము గాలి తిని బతకాలా?"

మైలయ్య చుక్కమ్మ వంక చూడకుండా చుక్కమ్మతోనే అన్నాడు. "తుమ్మచెట్టు వెనకాల, రాళ్ళ మధ్య, కొంత మెత్తటి గడ్డి ఉంది. నేను ముట్టలేదు."

"ఎవరి కోసం ఉంచావు తాతా?"

"ఎవరి కోసమూ కాదు. పళ్ళకి అందలేదు."

చుక్కమ్మ వెళ్ళి చూసింది. రాళ్ళు తక్కువ, గడ్డి ఎక్కువ. పళ్ళకి అందకపోయే చోటేం కాదు. ఆమె కడుపునిండా మేసింది. సాయంత్రానికి పిల్ల పొదుగు కింద దూరి, పొడవడం మానేసి, తోక ఆడించింది.

మిగతావాళ్ళు మెట్ట మీద బిరుసుగడ్డి నమిలారు, మొహాలు చిట్లించుకుంటూ. సన్నమ్మ తన వాళ్ళందర్నీ వెంటేసుకుని, మంచులో, ఎవరూ చూడకుండా బీడులోకి తిరిగి వెళ్ళింది. మన్నులో మళ్ళీ దారులు తొలిచారు. దారుల వెంట గాలి దిగింది. నీళ్ళు పోయిన తొమ్మిదో రోజు పొద్దున, మంచు తెర లేవగానే, పసుపు రంగు చీర మీద ఎవరో పచ్చదారంతో చుక్కలు కుట్టినట్టు, కణుపు కణుపుకీ ఒక మొలక కనిపించింది.

అప్పుడు అందరూ కూడి వచ్చారు. ఒక్కొక్కరే అడిగారు. మైలయ్య అందరి మాటా విని, ఇంకా నిలబడే ఉన్నాడు. ఎవరి కోసమో అందరికీ తెలుసు. చివరికి కాటమ్మ ముందుకి వచ్చింది.

"ముందు నువ్వు దిగు పెద్దయ్యా," అంది. "నీకు తెలుసు. మాకు తెలీదు."

మైలయ్య దిగాడు.

కాటమ్మ పొర్లిన నడిమధ్య చోటు మాత్రం ఆ ఏడంతా చిగుర్చలేదు. నల్లగా, బిగిసి, కళాయి పోయిన గిన్నె అడుగులా ఉండిపోయింది. మైలయ్య రోజూ దాని పక్కగా చుట్టు తిరిగి పోయేవాడు, ఒక్క మాట అనేవాడు కాదు. తిట్టినా బాగుండేదని కాటమ్మ చుక్కమ్మతో చెప్పుకుంది.

ఏటి అవతల ముళ్ళగుట్ట మీద, బూరయ్య సగం బోసిపోయిన తోక నాక్కుంటూ, ముసలి ఎద్దు తనకి అబద్ధం చెప్పి మోసం చేసిందని చుట్టాల దగ్గర వాపోయాడు. "ఏం అబద్ధం చెప్పింది?" అని వాళ్ళడిగారు. బూరయ్య నోరు తెరిచాడు. మైలయ్య అన్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరగేసి చూసుకున్నాడు. కింద బీడులో పిల్ల గంతులేస్తోంది. వాడు మళ్ళీ మొదటినుంచి చూసుకున్నాడు. అబద్ధం ఒక్కటీ దొరకలేదు.

నీతి: పైన పచ్చగా ఉందని మురిసేముందు, అడుగున ఉన్నదానికి ఊపిరాడుతోందో లేదో తెలిసినవాణ్ణి అడగాలి, తెలిసినవాడు పిలుపు కోసం మరీ ఎక్కువ రోజులు కాచుక్కూర్చోకూడదు.